తెలుగులో చెప్పు చూద్దాం

మా ఫ్రిజ్ తలుపు మీద నాలుగు టేపు మరకలున్నాయి. ఎంత తుడిచినా పోలేదు, కొన్నాళ్ళకి తుడవడమే మానేశాను. 2016 ఆగస్టులో మా అమ్మాయి అక్కడ ఒక చార్టు అంటించింది. ఆ ఆగస్టు నుంచి మరుసటి ఏడాది మే దాకా గళ్ళు గీసి, ఏ కాలేజీకి ఏది ఆఖరి రోజో రంగు పెన్నులతో రాసుకుంది. నవంబర్ 1 ఎర్రరంగు. జనవరి 1 కూడా ఎరుపే. మే 1 చుట్టూ ఆకుపచ్చ సున్నా. హైస్కూల్ ఆఖరి ఏడాదిని ఇక్కడ సీనియర్ ఇయర్ అంటారు. మా ఇంట్లో అది ఆ చార్టుతోనే మొదలైంది.

సరిగ్గా ఆ నెలలోనే మా నాన్నగారు తెనాలి నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి, మా ఇంటికి వచ్చారు. అమ్మ పోయి అప్పటికి ఏడాది. ఒక్కరే ఆ ఇంట్లో ఉండడం నాకు నచ్చక, ఆరు నెలలు మా దగ్గర ఉండేలా ఒప్పించి టికెట్ కొన్నాను. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. తెనాలిలో కూరగాయల బజారుకి వెళితే పది మంది "నమస్కారం మాస్టారూ" అని ఆపుతారు. ఎడిసన్‌లో ఆయన్ని ఆపేవాళ్ళెవరూ లేరు.

వచ్చిన మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికే లేచారు. నేను లేచి వచ్చేసరికి వంటింట్లో లైటు వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ఆ చార్టు ముందు నిలబడి ఉన్నారు.

"ఇన్ని తేదీలేంటమ్మా? పరీక్ష ఏ రోజు?"

"పరీక్ష అయిపోయింది నాన్నగారూ. శాట్ వేసవికి ముందే రాసేసింది."

"మరి ర్యాంకెంత వచ్చింది?"

"ర్యాంకులుండవు ఇక్కడ."

కాఫీ కలిపి ఇచ్చాను. గ్లాసు చేతిలో పట్టుకుని కాసేపు తాగకుండా ఆలోచించారు. "ర్యాంకు లేకుండా సీటెట్లా ఇస్తారే?"

ఆ ప్రశ్నకి ఆ ఆరు నెలల్లో నేను చాలాసార్లు జవాబు చెప్పాను. తొమ్మిదో తరగతి నుంచి ప్రతి కోర్సులో వచ్చిన గ్రేడ్లు చూస్తారన్నాను. శాట్ మార్కులు చూస్తారు, ఆ మార్చిలోనే పరీక్ష పద్ధతి మార్చి మళ్ళీ 1600కి పెట్టారన్నాను. పాఠం చెప్పిన ఇద్దరు టీచర్లు ఉత్తరాలు రాయాలి, స్కూల్ కౌన్సెలర్ ఇంకో ఉత్తరం రాయాలి. బడి అయ్యాక పిల్ల ఏం చేస్తుందో పది పనులదాకా పేర్లు ఇవ్వచ్చు. కామన్ యాప్ అని ఒక దరఖాస్తు ఉంది, అది ఒక్కటి నింపితే 20 కాలేజీల దాకా పంపుకోవచ్చు. అన్నిటికీ మించి ఒక వ్యాసం రాయాలి, 650 మాటలు దాటకూడదు.

వ్యాసం అనగానే ఆయన మొహం కొంచెం తేటపడింది. "దేని మీద?"

"తన గురించి."

"పదిహేడేళ్ళ పిల్లకి తన గురించి ఏం తెలుస్తుంది?" అన్నారు. వెటకారంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు.

నాది 1994 ఎంసెట్. తెనాలిలో ఇంటర్ ఎంపీసీ. మాకు కాలేజీకి అప్లికేషన్ అంటే సర్టిఫికెట్లే. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగితే కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయం పత్రం. చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్. అన్నిటికీ జిరాక్సులు, వాటి మీద గెజిటెడ్ ఆఫీసరుగారి ఆకుపచ్చ ఇంకు సంతకం. నాన్నగారికి తెలిసిన పశువుల డాక్టరుగారొకరు ఆ సంతకాలు పెట్టేవారు. సైకిల్ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆ ఆసుపత్రికి తీసుకెళ్ళడం, ఆవుల మధ్య నిలబడి కాగితాలు ఒక్కొక్కటే అందించడం, ఇంకు ఆరేదాకా నాన్నగారు వాటిని నోటితో ఊదడం బాగా గుర్తు. వాటినన్నిటినీ ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి పైన పసుపు బొట్టు పెట్టింది అమ్మ.

ర్యాంకు బాగా వచ్చింది. మూడంకెల ర్యాంకు. వరంగల్ ఆర్‌ఈసీలో, అంటే ఇప్పటి ఎన్ఐటీలో, సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకుండేవి, వాటిని ఎంసెట్ ర్యాంకు మీదే ఇచ్చేవారు. అక్కడ ఎలక్ట్రికల్ వస్తుందని మా లెక్కల లెక్చరర్ లెక్కగట్టి చెప్పారు. సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో ఇచ్చిన తీర్పు వల్ల ప్రైవేటు కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అయిన కొత్త రోజులవి. ఫ్రీ సీటు అనే మాట మా వీధిలో పండగలా వినపడేది. ఆ వారమంతా నేను పడుకునే ముందు వరంగల్ హాస్టల్ గది ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని. కిటికీ ఎటువైపు ఉంటుందో కూడా.

కౌన్సెలింగ్ హాల్లో మా నంబరు పిలిచారు. బల్ల అవతల కూర్చున్నాయన ఫైలు చూసి, తలెత్తి నన్నే అడిగారు, "ఏ కాలేజీ అమ్మా?" అని. నేను నోరు తెరిచాను. నాన్నగారు నా పక్కనుంచి "బాపట్ల" అన్నారు.

అంతే. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొచ్చాక "రోజూ రైల్లో వెళ్ళి రావచ్చమ్మా, అమ్మకి కూడా తోడుంటావు" అన్నారు. తెనాలి నుంచి చుండూరు, నిడుబ్రోలు మీదుగా బాపట్లకి గంట లోపే ప్రయాణం. నాలుగేళ్ళు వెళ్ళి వచ్చాను. మంచి కాలేజీ, మంచి మాస్టార్లు, ఇప్పటికీ ఫోన్లు చేసుకునే స్నేహితులు అక్కడే దొరికారు. దాని గురించి ఒక్క మాట తక్కువగా అనను. కాకపోతే ఆ బల్ల ముందు నేను తెరిచిన నోరు చాలా ఏళ్ళు అలా తెరిచే ఉండిపోయింది. దాని గురించి నాన్నగారిని నేనెప్పుడూ అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

మళ్ళీ 2016కి వస్తాను. సెప్టెంబరులో బడి తెరిచిన రెండో వారంలో కౌన్సెలర్ తల్లిదండ్రులకి ఒక ఫారం పంపారు. దాన్ని బ్రాగ్ షీట్ అంటారు. మీ పిల్ల గొప్పతనమేంటో మీ మాటల్లో రాయండి, మూడు విశేషణాల్లో మీ పిల్లని వర్ణించండి, మీరు గర్వపడిన సంఘటన చెప్పండి అని ప్రశ్నలు. కౌన్సెలర్ తన ఉత్తరం రాసేటప్పుడు దాన్ని చూసుకుంటారట. నేను రాత్రి పదకొండు దాకా ఆ ఫారం ముందు కూర్చున్నాను. ఒక్క మాట పడలేదు. మన పిల్లల్ని మనమే పొగుడుకోకూడదని పుట్టినప్పటి నుంచీ విన్నాం. ఎవరైనా "మీ పాప భలే చురుకు" అంటే "ఆ, ఏం చురుకు, అన్నం తినడానికి గంట" అని వెంటనే ఏదో ఒక లోపం చెబుతాం, దిష్టి తగలకుండా. అలాంటిది పొగడ్తలు రాసి సంతకం పెట్టి పంపమంటే చెయ్యి ఎలా ఆడుతుంది? మా ఆయన రాసినది చూస్తే "కష్టపడుతుంది. బాగా చదువుతుంది" అని రెండే వాక్యాలు.

నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫారం అడిగి తీసుకున్నారు. "పొగడద్దు. చూసింది చెప్పు" అన్నారు. "మొన్న ఏం జరిగింది, నీళ్ళ పైపు పగిలినప్పుడు?" బేస్‌మెంట్‌లో పైపు పగిలితే మేమిద్దరం ప్లంబర్‌కి ఫోన్లు చేస్తూ అరుచుకుంటుంటే, మా అమ్మాయి వెళ్ళి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతికి కట్టేసి, తాతయ్య చెప్పులు తడవకుండా మెట్ల మీదికి తెచ్చిపెట్టింది. అది రాయమన్నారు. రాశాను. విశేషణాల గళ్ళు ఖాళీగానే పంపించాను.

కాలేజీల జాబితా తయారవడానికి నెల పట్టింది. తప్పకుండా వచ్చేవి, రావచ్చనిపించేవి, వస్తే అదృష్టం అనుకునేవి అని మూడు వరసలు. స్కూల్ వాళ్ళ నావియన్స్ అనే సైట్‌లో మా బడి నుంచి ఇంతకుముందు ఎవరెవరికి ఏ మార్కులతో ఎక్కడ వచ్చిందో, ఎక్కడ రాలేదో పేర్లు లేకుండా పచ్చ గుర్తులు, ఎర్ర గుర్తులుగా చూపిస్తారు. నాన్నగారికి అది బాగా నచ్చింది, మొత్తానికి కటాఫ్‌లాంటిది ఒకటి దొరికిందని. కానీ పచ్చ గుర్తుల మధ్యలోనే ఎర్రవి కూడా ఉండేవి. అదే మార్కులు, ఒకరికి వచ్చింది, ఇంకొకరికి రాలేదు. ఆయన వేలు ఆ ఎర్ర గుర్తు దగ్గరే ఆగిపోయేది. "ఈ పిల్లాడిలో ఏం తక్కువైందో" అనేవారు.

చివరికి తొమ్మిది కాలేజీలు తేలాయి. ఒక్కో అప్లికేషన్‌కి 50 నుంచి 80 డాలర్ల ఫీజు, అందుకని పదోది వద్దన్నాను. ఎర్లీ డెసిషన్ వద్దనుకున్నాం. అందులో సీటొస్తే తప్పకుండా చేరాలి, వేరే చోట ఎంత సాయం ఇస్తారో పోల్చి చూసుకునే వీలుండదు. మా ఇద్దరి జీతాలతో ఆ ధైర్యం చేయలేకపోయాం. రట్గర్స్ యూనివర్సిటీ మాకు పావుగంట దూరం, అప్పట్లో దాని దరఖాస్తు వేరే. తొమ్మిదో తరగతి నుంచి ప్రతి కోర్సూ, ప్రతి గ్రేడూ పిల్లలే స్వయంగా టైపు చేయాలి. ఒక ఆదివారమంతా ఆ పనిమీదే కూర్చుంది. నాన్నగారు పక్కన కూర్చుని రిపోర్టు కార్డు చదివి వినిపించారు, హాజరు పిలిచినట్టుగా.

రెండు కాలేజీలు చూడ్డానికి ఆయన్నీ తీసుకెళ్ళాం. ప్రిన్స్‌టన్‌లో నాసావ్ హాల్ అనే భవనం ముందు గేటు చూపించి, చదువు పూర్తి కాకుండా ఆ గేటులోంచి బయటికి నడిస్తే డిగ్రీ రాదని విద్యార్థుల నమ్మకమని గైడ్ చెప్పింది. మా అమ్మాయి ఇంకా అప్లికేషన్ కూడా పంపలేదు, అయినా పక్క గేటులోంచే నడిచింది. నాన్నగారు ఏమీ అనకుండా తనూ పక్క గేటు వైపే తిరిగారు. ఆ నమ్మకాలు ఆయనకి బాగా అర్థమవుతాయి. శాట్ రాసే ముందు బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడిలో పెన్సిళ్ళు దేవుడి పాదాల దగ్గర పెట్టించిన తల్లిని నేను.

ఇక వ్యాసం. ఆ ఏడాదంతటిలోనూ నేను మర్చిపోలేనిది ఇదే.

కామన్ యాప్ ఆ సంవత్సరం ఐదు ప్రశ్నలిచ్చింది, ఏదో ఒకటి తీసుకుని రాయాలి. మా అమ్మాయి శనివారాలు మా ఊరి లైబ్రరీలో స్వచ్ఛందంగా పనిచేసేది. జనం తిరిగి ఇచ్చిన పుస్తకాలు వరసలో సర్దడం దాని పని. దాని గురించే రాసింది. నాకు చూపించింది. చాలా పెద్ద పెద్ద మాటలున్నాయి. చదవగానే నాకు గర్వమేసింది. ఇంత ఇంగ్లీషు నా కూతురికి వచ్చా అనుకున్నాను.

అక్టోబరు మొదటి వారం, రాత్రి భోజనాలయ్యాయి. నేను గిన్నెలు సర్దుతున్నాను. నాన్నగారు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని "ఏం రాశావు, చదివి వినిపించు" అన్నారు. అది చదివింది. ఆయన పూర్తిగా విని, "నాకు మీ ఇంగ్లీషు చెవికి అందడం లేదమ్మలూ. తెలుగులో చెప్పు చూద్దాం" అన్నారు.

మా అమ్మాయి తెలుగు ఇంటి తెలుగు. అన్నం, నిద్ర, కోపం, చలి, ఎక్కడికెళ్తున్నావ్, ఎప్పుడొస్తావ్. అంతవరకూ బాగానే వస్తుంది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. లైబ్రరీ మనుషుల జీవితానికి ఒక మైక్రోకాజమ్ అని రాసుకుంది.

"అమ్మా, మైక్రోకాజమ్‌కి తెలుగేంటి?"

నేను సింకు దగ్గర్నుంచి చెప్పబోయాను. నాన్నగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. "దాని తెలుగు మాట తర్వాత చూద్దాం. నువ్వేం చెప్పాలనుకున్నావో అది చెప్పు."

"అంటే... లైబ్రరీకి అందరూ వస్తారు తాతయ్యా."

"అందరూ అంటే ఎవరు?"

"ఓల్డ్ పీపుల్. ముసలివాళ్ళు. ఒకాయన రోజూ వస్తాడు. పేపర్ పట్టుకుంటాడు కానీ చదవడు. హీటర్ పక్కన కూర్చుంటాడు."

"ఎందుకు?"

"ఇంట్లో చలేమో. తెలీదు. నేను అడగలేదు."

"ఇది రాశావా?"

"లేదు."

"ఇంకా?"

కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుంది. చిన్నప్పుడు కథ చెప్పేటప్పుడు అలాగే కూర్చునేది. "పుస్తకాల్లో ఏవేవో వదిలేస్తారు. పేజీ గుర్తుకి పెట్టుకుని మర్చిపోతారు. కొట్టు చీటీలు. బస్ టికెట్లు. ఒకసారి చిన్న కవర్లో పన్ను."

"పన్నేంటి?"

"పాలపన్ను. చిన్న పిల్లది. కవర్ మీద తేదీ రాసి ఉంది, పేరు లేదు. వాళ్ళమ్మ దాచుకుందేమో."

నేను గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

"ఏం చేశావు దాన్ని?" అన్నారు నాన్నగారు.

"డెస్క్ సొరుగులో పెట్టాను. అలాంటివన్నీ అందులోనే పెడతాను. ఎవరైనా వస్తే ఇవ్వచ్చని."

"వచ్చారా?"

"ఒకావిడ వచ్చింది, బస్ టికెట్ కోసం. వాళ్ళాయనతో కలిసి చివరిసారి ఎక్కిన బస్సట. పన్ను కోసం ఎవరూ రాలేదు. ఇంకా ఉంది."

నాన్నగారు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. బడిలో పిల్లల కాంపోజిషన్ నోట్సులు దిద్దేటప్పుడు ఒక మంచి వాక్యం తగిలితే అలాగే తీసేవారు. "ఆ సొరుగు గురించి రాయి. మొదటున్నదంతా శబ్దాడంబరం. సొరుగు లాగితే ఏం కనపడుతుందో అది రాయి, చాలు."

శబ్దాడంబరం అంటే ఏంటని అది అడిగింది. "చప్పుడెక్కువ" అన్నారు.

ఆ రోజు నుంచి అక్టోబరు ఆఖరు దాకా రోజూ రాత్రి అదే పని. అది ఒక పేరా రాసేది, ఆయనకి తెలుగులో చెప్పేది. తెలుగులో చెప్పలేక తడబడిన చోటల్లా ఆయన వేలితో టేబుల్ మీద ఒక్కసారి కొట్టేవారు. ఆ వాక్యం పోయేది, లేదా మారేది. మాట రాకపోతే వెతుక్కోనిచ్చేవారు. ఆయన అందించేవారు కాదు, నన్నూ అందించనిచ్చేవారు కాదు. ఒక్కో మాటకి ఐదు నిమిషాలు మౌనంగా కూర్చున్న రాత్రులున్నాయి. పదిహేడేళ్ళలో నేను బలవంతం మీద నేర్పించిన తెలుగు కన్నా ఆ నాలుగు వారాల్లో అది నేర్చుకున్న తెలుగే ఎక్కువ. చివరికి వ్యాసం 588 మాటల దగ్గర ఆగింది. ఇంకో 62 మాటలు రాయచ్చు కదా అన్నాను. "అయిపోయింది కదమ్మా" అని ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.

దాచుకోను, ఆ రాత్రుల్లో నాకు కొంచెం కడుపుమంటగా ఉండేది. నన్ను ఈయన ఇలా ఎప్పుడు అడిగారు? "ఇంకా? ఇంకా?" అని నా నోట్లోంచి ఒక్క మాటైనా ఎప్పుడు రప్పించారు? కానీ గిన్నెలు తోమడం అయిపోయినా నేను వంటింట్లోంచి కదిలేదాన్ని కాదు. స్టవ్ రెండోసారి తుడిచేదాన్ని.

అక్టోబరు 31 రాత్రి వీధిలో పిల్లలు హాలోవీన్ వేషాలతో తలుపులు కొడుతుంటే, మా ఇంట్లో ముగ్గురం లాప్‌టాప్ చుట్టూ ఉన్నాం. నాన్నగారు తలుపు దగ్గర కూర్చుని చాక్లెట్లు పంచే డ్యూటీ తీసుకున్నారు. మధ్యలో లోపలికొచ్చి "పంపావా?" అని అడిగి వెళ్ళేవారు. పదకొండున్నరకి సబ్మిట్ నొక్కింది. తెర మీద చిన్న బొమ్మలు రంగులుగా రాలాయి. నాన్నగారు దాని తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నారు.

తర్వాతి వారమే నవంబర్ 8. ఇక్కడ ఎన్నికల రోజు, అక్కడ ఐదొందలు, వెయ్యి నోట్ల రద్దు. నాన్నగారి సంచిలో దారి ఖర్చులకని తెచ్చుకున్న ఐదొందల నోట్లు కొన్ని ఉన్నాయి. రెండు రోజులు ఇంట్లో వేరే మాట లేదు. ఆర్థిక సాయం కోసం ఫాఫ్సా అనే ప్రభుత్వ దరఖాస్తు నింపడం కూడా ఆ రోజుల్లోనే. అంతకుముందు ఏటా జనవరిలో తెరిచేవారట, ఆ ఏడాదే మొదటిసారి అక్టోబర్ 1నే తెరిచారు, అంతకుముందు ఏడాది ట్యాక్సు లెక్కలు సరిపోతాయన్నారు. అది మా ఆయన చూసుకున్నారు. ఆయనకి అంకెలంటే హాయి.

నాన్నగారు ఫిబ్రవరి మొదట్లో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు రట్గర్స్ నుంచి, పర్డ్యూ నుంచి సీటిచ్చినట్టు వచ్చింది. పర్డ్యూ ఇండియానాలో ఉంది, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివిన చోటని మా అమ్మాయి చెప్పగానే, ఎయిర్‌పోర్టులో మాతో పాటు దిగబెట్టడానికి వచ్చిన స్నేహితులకి కూడా ఆయన ఆ మాట రెండుసార్లు చెప్పారు. ఆ వ్యాసం తెలుగు ప్రతి, ఆమె చెప్పింది చెప్పినట్టు, రూళ్ళ నోట్‌బుక్కులో తన గుండ్రటి దస్తూరీతో రాసుకుని పెట్టెలో బట్టల మధ్య పెట్టుకున్నారు. ఇప్పుడది తెనాలిలో ఆయన బీరువాలో, అమ్మ పట్టుచీరల పక్కన ఉంటుంది.

మార్చి ఆఖరుకి అన్నీ తేలిపోయాయి. ఐదు చోట్ల వచ్చింది, మూడు చోట్ల రాలేదు, ఒక చోట వెయిట్‌లిస్ట్. రాని రోజు గది తలుపేసుకుంది. సాయంత్రం పెరుగన్నం తీసుకెళ్ళి తలుపు బయట పెట్టి వచ్చాను. పొద్దున్నే ఖాళీ గిన్నె సింకులో ఉంది.

ఏప్రిల్ అంతా రట్గర్సా పర్డ్యూనా అన్నదే. చేరతామని డబ్బు కట్టడానికి మే 1 ఆఖరి రోజు. ఇన్‌స్టేట్ కాబట్టి రట్గర్స్‌లో ట్యూషన్, ఫీజులు కలిపి ఏడాదికి 14 వేల డాలర్ల చిల్లర. పర్డ్యూలో బయటి రాష్ట్రం వాళ్ళకి దాదాపు 29 వేలు. అక్కడ 2013 నుంచి ఫీజు పెంచలేదు, అది కొంత ఊరట. స్కాలర్‌షిప్ కొంచెం ఇచ్చారు. నేను తెల్లకాగితం మీద నిలువు గీత గీసి ఇటువైపు అంకెలు, అటువైపు అంకెలు వేశాను. అంకెల కింద చిన్న అక్షరాలతో, రట్గర్స్ వైపు, "వారాంతం ఇంటికి రావచ్చు" అని రాశాను. అది రాస్తున్నప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ వాక్యం నేనిదివరకు ఎక్కడో విన్నాను.

దానికి పర్డ్యూ ఇష్టమని నాకు తెలుసు. నన్ను బాధపెట్టకూడదని నోరు విప్పడం లేదనీ తెలుసు.

ఏప్రిల్ మూడో వారం, శనివారం రాత్రి. నాన్నగారికి అక్కడ ఆదివారం పొద్దున్న. ఫోన్ స్పీకర్‌లో పెట్టి టేబుల్ మీద ఉంచింది మా అమ్మాయి. నేను సింకు దగ్గరున్నాను. అది తెలుగులోనే, ఎక్కడా ఆగకుండా అడిగింది:

"తాతయ్యా, రెండిట్లో నన్ను ఎక్కడికి వెళ్ళమంటావు?"

అవతల వీధిలో కూరగాయల బండివాడి కేక వినపడింది. నాన్నగారు గొంతు సవరించుకున్నారు.

"మీ అమ్మకి వరంగల్‌లో సీటొచ్చేది. తెలుసా నీకు?"

నేను కుళాయి కట్టేశాను.

"తెలీదు. మరి వెళ్ళలేదా?"

"నేనే పంపలేదు. అడగను కూడా అడగలేదు. దూరమని బాపట్లలో చేర్పించాను."

"ఎంత దూరం తాతయ్యా?"

"రైల్లో ఐదు గంటలు."

మా అమ్మాయి నా వైపు తిరిగి చూసింది. పర్డ్యూకి మా ఇంటి నుంచి కారులో పన్నెండు గంటలని దానికి తెలుసు, నెల రోజులుగా మ్యాపు చూసుకుంటోంది.

"ఐదు గంటలు... అంతేనా?"

ఫోన్లో చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నాన్నగారి గొంతు, మెల్లగా, "అంతేనమ్మలూ. అంతే" అంది.